మిడి డంపు ఎంతసేపటికీ అవ్వట్లేదా? కొత్త కేబుల్ కొనే ముందు ఈ పన్లు చేసి చూడండి

మిడి అంటే కీబోర్డులు, ప్యాడ్‌లు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. డంపు అంటే ఒక డబ్బా (కీబోర్డో ప్యాడో) లోపల దాచిన సౌండ్లు, సెట్టింగులు అన్నీ దాంట్లో ఒకేసారి పంపడం. పోయిన నెల మా బావ ఫోన్ చేసినాడు. కొర్లగుంటలో ఒక భజన గ్రూపుకి ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయిస్తాడు ఆయన. "ఏం బామ్మర్దీ, ఈ ప్యాడ్‌లో నేను చేసుకున్న సౌండ్ కిట్లన్నీ లాప్‌టాప్‌లో దాచి పెట్టుకుందామని కూచున్నా, అర్ధగంట అయింది, ఇంగా వెయిటింగ్ అనే చూపిస్తా ఉండాది, లాప్‌టాప్ స్లోనా కేబుల్ స్లోనా" అని. నేను తిరిగి ఒకటే అడిగినా, "అసలు అది ఎంతసేపట్లో అవ్వాల బావా?" అని. ఆయన సైలెంట్.

ఇదే పాయింటు. ఎంతసేపు పట్టాలో తెలీకుండా స్లో అంటే ఎట్ల తెలస్తాది? డ్రైవర్లు తీసి మళ్ళా వేసుకుంటా, విండోస్ ఫార్మాట్ కొట్టుకుంటా, చెన్నై రిచీ స్ట్రీట్‌కి రైలెక్కి పోయి ఇంకో కేబుల్ తెచ్చుకుంటా ఉంటాం, చివరికి చూస్తే అది స్లో కాదు, ఎప్పుడో ఆగిపోయి ఉంటాది.

కాబట్టి ఫస్ట్ మీ బాధ ఏ రకమో తేల్చుకోండి. స్లో అని మనం అనేది మూడు వేరే వేరే విషయాల్ని. ఒకటి, డంపు గానీ సౌండ్ బ్యాంకు గానీ పంపిస్తే నిజంగానే నిదానంగా పోతా ఉంటాది కానీ చివరికి పూర్తవతాది. రెండు, పోతా పోతా సగంలో నిలబడిపోతాది, లేదంటే పోయినట్టే చూపించి సౌండ్లు చిత్తు చిత్తుగా వస్తాయి. మూడు, డంపు గొడవే లేదు, కీ నొక్కితే శబ్దం లేటుగా వస్తాది. మూడింటికీ మందు వేరే. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఇంకా చెడతాది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి, లెక్క వేద్దాం. మిడి స్పీడు సెకనుకి 31,250 బిట్లు. ఒక్కో బైటుకి ముందర ఒక స్టార్ట్ బిట్టు, వెనక ఒక స్టాప్ బిట్టు పెట్టి పంపిస్తారు, అంటే బైటుకి 10 బిట్లు, అంటే సెకనుకి 3,125 బైట్లు. అంతే, దాని పైన ఒక్కటి కూడా పోదు. ఇది 1983లో పెట్టిన స్పీడు, ఆ ఏడాది జనవరిలో అమెరికాలో నామ్ అనే వాయిద్యాల షోలో ప్రాఫెట్-600, రోలాండ్ జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లని వైరుతో కలిపి ఒకటి వాయిస్తే ఇంకోటి మోగేట్టు చూపించినారు, ఆరోజు నుంచి ఈరోజు దాకా ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఉన్న ప్రతి డబ్బాకీ అదే స్పీడు. మీ లాప్‌టాప్ లక్ష రూపాయలదైనా సరే.

తిరుమల ఘాట్ రోడ్డు అనుకోండి. అలిపిరిలో టైమ్ వేసి పంపిస్తారు కదా, మీది ఎంత పెద్ద కారైనా పెట్టిన టైమ్ కంటే ముందు పైన తేలకూడదు. చెన్నై నుంచి అలిపిరి దాకా హైవేలో ఎంత బిరీన వచ్చినా అక్కడ నుంచి ఘాట్ రోడ్డు స్పీడే. యూఎస్‌బీ ఆ హైవే, ఐదు పిన్నుల మిడి ఘాట్ రోడ్డు. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర రెండు గుండ్రటి మిడి ప్లగ్గులు ఉండే కేబుల్ మీ దగ్గర ఉంటే దాని స్పీడు ఘాట్ రోడ్డుదే, యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చినా ఒరిగేదేమీ లేదు. కీబోర్డుకే డైరెక్టుగా యూఎస్‌బీ సాకెట్టు ఉంటే మాత్రం ఈ 31,250 లిమిట్ వైరుకి ఉండదు, కాకపోతే లోపల ఉండే ప్రాసెసర్ దాన్ని ఎంత స్పీడుగా మింగుతాదనేది మోడల్‌ని బట్టి ఉంటాది.

లెక్క ఇట్ల వేయండి, ఫైల్ సైజు బైట్లలో చూసి (కేబీలు కాదు, ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో చూస్తే బైట్లు ఉంటాయి) 3,125తో భాగించండి, వచ్చేదే సెకన్లు. నా దగ్గర చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న యమహా డీఎక్స్7 కీబోర్డు ఒకటి ఉంది, 32 సౌండ్ల బ్యాంకు కరెక్టుగా 4,104 బైట్లు, భాగిస్తే 1.3 సెకన్లు. కాబట్టి అది అయిదు సెకన్లు దాటిందంటే ఏదో తేడా అని నాకు వెంటనే తెలిసిపోతాది. అదే 64 కేబీ మెమరీ ఉండే డబ్బా అయితే, మిడిలో డేటా బైటుకి 7 బిట్లే వాడాలనే రూలు ఉంది కాబట్టి సాధారణంగా 7 బైట్లని 8 చేసి పంపిస్తారు, అట్ల చూస్తే 24 సెకన్లు. 1 ఎంబీ అయితే ఆరు నిమిషాల పైనే. అంత పట్టిందంటే మీ సిస్టమ్ బ్రహ్మాండంగా ఉన్నట్టు, ఏమీ రిపేరు చేయొద్దు, పోయి కాఫీ తాగి రండి.

పాత శాంప్లర్లు (రికార్డు చేసిన శబ్దాల్ని వాయించే డబ్బాలు) వాడేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. శాంపిల్ డంప్ స్టాండర్డ్ అని ఒక పద్ధతి ఉంది, ఆడియో శాంపిళ్ళని మిడిలోనే పంపించేది. 16 బిట్ శాంపిల్ ఒక్కోటి 3 బైట్లు అవతాది, 40 శాంపిళ్ళు కలిపి 127 బైట్ల ప్యాకెట్టు కడతారు. 44.1 కిలోహెర్ట్జ్ మోనో సౌండు ఒక్క సెకనుది పంపాలంటే 1,103 ప్యాకెట్లు, సుమారు 45 సెకన్లు, అదీ ప్రతి ప్యాకెట్‌కీ అవతల నుంచి సరే అని జవాబు వచ్చే టైమ్ కలపకుండా. మృదంగం శాంపిళ్ళు ఒక ఇరవై ఎక్కించాలంటే పొద్దు గూకుతాది. దీన్ని స్పీడు చేసే దారి లేదు, నమ్మండి, నేను వెతికినా. మీ డబ్బాకి పెన్‌డ్రైవ్ గానీ మెమరీ కార్డు గానీ పెట్టే చోటుంటే దాంట్లో ఎక్కించుకోండి, మిడి జోలికే పోవద్దు.

సరే, లెక్క వేసినారు, పది సెకన్ల పని అని తేలింది, కానీ పది నిమిషాలైనా అవ్వలేదు. అంటే మీది రెండో రకం, మా బావది కూడా ఇదే. చివరికి ఆయన ఫైల్ వచ్చినాక చూస్తే 30 కేబీ కూడా లేదు, అంటే పది సెకన్లలోపు పని. అర్ధగంట ఎందుకు తిరిగిందంటే, సిస్‌ఎక్స్ మెసేజ్, అంటే డంపు కట్టి పంపే మూట, ఎఫ్0 అనే బైటుతో మొదలై ఎఫ్7 అనే బైటుతో ముగస్తాది. దారిలో ఆ ఎఫ్7 పడిపోయిందనుకోండి, సాఫ్ట్‌వేర్ పాపం ఇంకా వస్తాదేమో అని ఎదురు చూస్తానే కూచుంటాది. దానికేం తెలుసు.

పడిపోయేది యాడ? చాలా వరకు ఆ చవక కేబుల్‌లోనే. పేరు కూడా ఉండదు దానికి, మధ్యలో చిన్న ప్లాస్టిక్ బుడిపె, లైట్లు వెలగతా ఉంటాయి. నోట్లు వాయిస్తే బాగానే పని చేస్తాది, నోట్ అంటే 3 బైట్లే కదా, కానీ ఒకేసారి వేల బైట్లు వస్తే దాని లోపల ఉండే బఫర్, అంటే వచ్చిందాన్ని కాసేపు పెట్టుకునే చోటు, చాలదు. కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు నిండితే జనం బయట లైన్లో నిలబడతారు. ఇక్కడ బయట నిలబడే చోటు లేదు, వచ్చిన బైటు వచ్చినట్టే గాలికి పోతాది, కనీసం ఎర్రర్ కూడా చూపించదు.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తు పెట్టుకోండి. కంప్యూటర్ నుంచి డబ్బాకి పంపేటప్పుడు స్పీడు మన చేతిలో ఉంటాది. డబ్బా నుంచి కంప్యూటర్‌కి వచ్చేటప్పుడు ఉండదు, అది ఫుల్ స్పీడులో కుమ్మరిస్తాది, మనం పట్టుకోవాలంతే.

పంపేటప్పుడైతే నిదానంగా పంపండి. అవును, స్లోగా ఉందని వచ్చిన మీకు ఇంకా స్లో చేయమంటున్నా. ఆగకుండా ఒకేసారి పోతే అదే బిరీన కదా. విండోస్‌లో మిడి-ఆక్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో సిస్‌ఎక్స్ విండో తెరిచి కాన్ఫిగర్‌లోకి పోతే అవుట్‌పుట్ బఫర్ సైజు, బఫర్‌కీ బఫర్‌కీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలి, ఎఫ్7 తర్వాత ఎంత ఆగాలి అని ఉంటాయి. నేను 256 బైట్లు, 100 మిల్లీసెకన్లతో మొదలుపెడతా. ఎందుకంటే 256 బైట్లు వైరులో పోవడానికే 82 మిల్లీసెకన్లు పడతాది, దానికంటే తక్కువ ఆగితే ముందు పంపింది పోకముందే వెనకది వచ్చి మీద పడతాది. అది సాఫీగా పోయిందంటే ఆ 82 కిందకి పోకుండా కొద్ది కొద్దిగా తగ్గించుకుంటా రండి. పోలేదంటే బఫర్ 128 చేయండి. పది సెకన్ల పని ఇరవై సెకన్లు అవుతుందేమో, అయితే ఏం. మ్యాక్‌లో అయితే సిస్‌ఎక్స్ లైబ్రేరియన్ అనే ఫ్రీ యాప్‌లో ఇట్లాంటి సెట్టింగే ఉంటాది, ఒక మెసేజ్‌కీ ఇంకో మెసేజ్‌కీ మధ్య ఎంత ఆగాలని.

1980ల నాటి డబ్బాలకి ఇది ఇంకా ముఖ్యం, వాటి ప్రాసెసర్లు ఒక సౌండు అందుకుని మెమరీలో రాసుకునే లోపల ఇంకోటి పంపిస్తే తికమక పడతాయి. ఇంకో సంగతి, డీఎక్స్7లో మెమరీ ప్రొటెక్ట్ ఆన్‌లో ఉంటే మీరు ఎన్నిసార్లు పంపినా తీసుకోదు, ఫంక్షన్ మోడ్‌లో సిస్ ఇన్ఫో అవైలబుల్ అని కూడా పెట్టాల. ఇది తెలీక నేను ఒక ఆదివారం మొత్తం బఫర్లు మార్చుకుంటా కూచున్నా, మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచి మూడోసారి పిలవడం మానేసింది. మీ డబ్బా ఏదైనా సరే ముందు దాని మెనూలో ప్రొటెక్ట్, డివైస్ ఐడీ, సిస్‌ఎక్స్ రిసీవ్ ఈ మూడూ చూసుకోండి. డివైస్ ఐడీ ఫైల్‌లో ఒకటి, డబ్బాలో ఇంకోటి ఉంటే ఉత్తరం పక్కింటికి పోయినట్టే.

వచ్చేటప్పుడైతే, అంటే బావ కేసు, సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ బఫర్ సైజు పెంచి చూడండి, 4,096 గానీ ఇంకా ఎక్కువ గానీ. దానికీ లొంగలేదంటే కేబులే, ఇంక దాంతో కుస్తీ పట్టద్దు. కానీ వెంటనే కొనద్దు కూడా. ఊర్లో చర్చిలో కీబోర్డు వాయించేవాళ్ళ దగ్గరో, ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గరో, రికార్డింగ్ స్టూడియోలోనో మిడి సాకెట్లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (బయట పెట్టే సౌండ్ కార్డు) ఒకటి తప్పకుండా ఉంటాది, ఒక గంటకి అడిగి తెచ్చుకుని దాంట్లో పెట్టి చూడండి. దాంట్లో వచ్చిందంటే మీ కేబుల్ దోషం ఖాయం. బావకి నేను నా ఇంటర్‌ఫేస్ తీసుకుపోయి పెట్టినా, ఆయన ప్యాడ్‌లో డంప్ బటన్ నొక్కి ఇంగా చెయ్యి తీయలేదు, వచ్చేసింది. "అంతేనా?" అన్నాడు. అంతే బావా.

ఇంటర్‌ఫేస్ మార్చినా నిదానమే అంటే వైరులో వేరే రద్దీ ఏమైనా ఉందేమో చూడాల. మిడి-ఆక్స్ మానిటర్ తెరిచి, కీబోర్డు మీద చెయ్యి పెట్టకుండా ఊరికే చూడండి. కొన్ని డబ్బాలు నేను బతికే ఉన్నా అని చెప్పడానికి 300 మిల్లీసెకన్లలోపు ఒకసారి ఎఫ్ఈ అని ఒక బైటు పంపతా ఉంటాయి, యాక్టివ్ సెన్సింగ్ అంటారు, అది పెద్ద బరువు కాదు. క్లాక్ కూడా అంతే, బీటుకి 24 బైట్లు, 120 టెంపోలో సెకనుకి 48, వైరు కెపాసిటీలో నూటికి రెండు వంతులు కూడా కాదు. కానీ డంపు తీసుకునేటప్పుడు ఈ రెండింటినీ ఆపేస్తే మంచిది, కొన్ని సాఫ్ట్‌వేర్లు మధ్యలో ఇవి దూరితే గందరగోళ పడతాయి. అసలు రద్దీ చేసేది ఆఫ్టర్‌టచ్ (కీ అదిమే బలం), పిచ్ బెండ్, మాడ్యులేషన్ (పక్కన ఉండే చక్రాలు). కీ గట్టిగా అదిమి పట్టుకుంటే ఆఫ్టర్‌టచ్ వరద మాదిరి వస్తాది. అక్కర్లేకపోతే కీబోర్డు మెనూలోనే ఆఫ్ చేయండి.

వీటన్నిటికంటే చెడ్డది లూపు. కీబోర్డు నుంచి కంప్యూటర్‌కి వచ్చింది, సాఫ్ట్‌వేర్‌లో త్రూ (వచ్చిందాన్ని వచ్చినట్టే ముందుకి పంపేది) ఆన్‌లో ఉండి మళ్ళా కీబోర్డుకే పంపింది, కీబోర్డు దాన్ని మళ్ళా బయటికి పంపింది, ఇట్ల గిరగిరా తిరగతానే ఉంటాది. గుర్తు ఏంటంటే ఒక్క కీ నొక్కితే మానిటర్లో లైన్ల మీద లైన్లు పరిగెత్తతాయి, లేదంటే ప్రతి నోటూ రెండుసార్లు మోగి పాలీఫనీ (ఒకేసారి మోగగలిగే నోట్ల లెక్క) సగం తినేస్తాది. లైన్లు పరిగెత్తతా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో త్రూ ఆఫ్ చేయండి, ఊరికే నోటు రెండుసార్లు మోగతా ఉంటే కీబోర్డులో లోకల్ కంట్రోల్ (కీలకీ కీబోర్డు సొంత సౌండుకీ ఉండే లంకె) ఆఫ్ చేసినా చాలు. లోకల్ ఆఫ్ చేసి మర్చిపోయి రేపు కచేరీలో కీబోర్డు మోగలేదని నన్ను తిట్టుకోవద్దు.

డబ్బాలని ఒకదాని వెనక ఒకటి త్రూ సాకెట్టుతో తగిలించే అలవాటు ఉంటే మూడు దాటనివ్వద్దు, ప్రతి డబ్బా లోపల ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని కాంతితో దాటించే చిప్పు) దాటేటప్పుడు సిగ్నల్ అంచులు కొంచెం అరగతాయి, చివరి డబ్బా దగ్గరికి వచ్చేసరికి తప్పులు వస్తాయి. మిడి వైరు పొడుగు 15 మీటర్లు దాటకూడదు. స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరకి లాగేవాళ్ళు ఇది చూసుకోండి.

ఇప్పుడు కంప్యూటర్ వైపు. దీన్ని అందరూ ఫస్ట్ చేస్తారు, నేను కావాలనే చివర్లో పెట్టినా. హబ్బు తీసేసి డైరెక్టుగా లాప్‌టాప్‌కి పెట్టండి. ఫోన్ ఛార్జింగ్ కేబుళ్ళలో కొన్నింటికి డేటా వైర్లే ఉండవు, ప్రింటర్‌కి వాడే మందం కేబుల్ తీసుకోండి. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటాది, దాన్ని డిసేబుల్ చేయండి, లాప్‌టాప్ కరెంటు ఆదా చేస్తా అని పోర్టుని నిద్రపుచ్చతా ఉంటాది. డీఏడబ్ల్యూ (పాటలు రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) ఓపెన్‌లో పెట్టుకుని డంపు సాఫ్ట్‌వేర్ తెరవద్దు, విండోస్‌లో కొన్ని డ్రైవర్లు ఒక పోర్టుని ఒక ప్రోగ్రామ్‌కే ఇస్తాయి, రెండోది వచ్చి తలుపు కొట్టుకుంటా నిలబడతాది. కొన్ని రోలాండ్ కీబోర్డుల్లో సిస్టమ్ మెనూలో యూఎస్‌బీ డ్రైవర్ జెనరిక్ అనీ వెండర్ అనీ రెండు ఉంటాయి, ఒకటి సతాయిస్తే ఇంకోటి పెట్టి, కీబోర్డు ఆఫ్ చేసి ఆన్ చేయండి, వెండర్ పెడితే కంపెనీ డ్రైవర్ వేసుకోవాల. డంపుని డీఏడబ్ల్యూలోనే ట్రాక్‌గా రికార్డ్ చేసుకునేవాళ్ళు ప్రిఫరెన్సుల్లో సిస్‌ఎక్స్ ఫిల్టర్ తీసేయండి, అది చాలాసార్లు ముందే ఆన్‌లో ఉంటాది. అట్ల రికార్డ్ చేసింది తిరిగి పంపేటప్పుడు టెంపో పెంచద్దు, డంపు కూడా పాటతో పాటు పరిగెత్తి బఫర్ మీద పడతాది.

బ్లూటూత్ మిడిలో డంపులు పెట్టుకోవద్దు. అది ఎప్పుడూ వరసగా పోదు, కొన్ని మిల్లీసెకన్లకి ఒకసారి మూట కట్టి పంపిస్తాది, వాయించుకోడానికి పర్లేదు.

మిగిలింది మూడో రకం, కీ నొక్కితే లేటు. ఇది మిడి తప్పు కాదు చాలాసార్లు. నోట్ ఒకటి 3 బైట్లు, వైరులో ఒక మిల్లీసెకను. పది వేళ్ళతో ఒకేసారి నొక్కినా 9.6 మిల్లీసెకన్లు, రన్నింగ్ స్టేటస్ (ప్రతి నోటుకీ ఒకటే ఉండే మొదటి బైటుని మళ్ళా మళ్ళా పంపకపోవడం) వాడే కీబోర్డు అయితే 6.7. లేటు వచ్చేది ఆడియోలో. ఆడియో బఫర్ 1,024 శాంపిళ్ళు పెట్టుకున్నారంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 23 మిల్లీసెకన్లు, పైగా సౌండ్ కార్డు అవుట్‌పుట్ వైపు దాని వాటా అది కలుపుతాది. 128కి దించితే 2.9. విండోస్ మామూలు డ్రైవర్ వాడొద్దు, ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఆసియో (లేటు తగ్గించే రకం) డ్రైవర్ వేసుకోండి, ఇంటర్‌ఫేస్ లేకపోతే ఆసియో4ఆల్ ఉంది. తేల్చుకోడానికి ఈజీ దారి, కీబోర్డు సొంత సౌండుని హెడ్‌ఫోన్లో విని, తర్వాత లాప్‌టాప్ సౌండుని వినండి, మొదటిది కరెక్టుగా ఉండి రెండోది లేటంటే ఆడియో బఫరే. ఇంకోటి, శబ్దం గాల్లో ఒక మీటరు రావడానికే 3 మిల్లీసెకన్లు పడతాది, మహతి ఆడిటోరియంలాంటి చోట స్పీకర్ మీకు పది మీటర్ల దూరంలో ఉంటే అక్కడే 29 అయిపోయింది, దానికి మిడి కేబుల్‌ని తిట్టి లాభం లేదు. మానిటర్ స్పీకర్ దగ్గరికి లాక్కోండి.

అంతా అయినాక ఒక పని మిగులుతాది, దీన్ని మాత్రం వదలొద్దు. డంపుని వరసగా రెండుసార్లు తీసుకోండి, రెండు ఫైళ్ళ సైజూ బైటు బైటు ఒకటే ఉండాల. మొదటి బైటు ఎఫ్0, చివరి బైటు ఎఫ్7 ఉండాల, మిడి-ఆక్స్ సిస్‌ఎక్స్ విండోలోనే కనిపిస్తాయి. ఒక్క బైటు తేడా ఉన్నా ఆ ఫైల్‌ని డిలీట్ చేయండి, దాన్ని నమ్మి ప్యాడ్ రీసెట్ కొట్టినారంటే ఉన్న కిట్లు కూడా పోతాయి. సరిగ్గా ఉన్నాయంటే ఫైల్ పేర్లో డబ్బా మోడల్, తేదీ, డివైస్ ఐడీ రాసి పెట్టుకోండి. మా బావ తన ఫైల్‌కి "కొత్తది ఫైనల్ 2" అని పేరు పెట్టినాడు, వచ్చే నెల మళ్ళా ఫోన్ చేస్తాడు, నాకు తెలుసు.